టెస్టోస్టెరాన్ తగ్గిందంటే ఏం తగ్గినట్టు?

ఒక రాత్రి తొమ్మిదిన్నర దాటాక, నాకు వరసకు తమ్ముడయ్యే అతను వాట్సాప్‌లో ల్యాబ్ రిపోర్టు ఫోటో పంపాడు. వయసు 36. "టోటల్ టెస్టోస్టెరాన్" అన్న మాటకి ఎదురుగా 268 అని అంకె, పక్కనే లావు అక్షరాల్లో "తక్కువ". ఆ వెంటనే ఇంకో మెసేజ్: "అన్నా, ఇంజెక్షన్లు మొదలుపెడదాం అంటున్నారు. చేయించుకోనా?"

ఫోన్ చేశాను. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. రక్తం ఎన్నింటికి ఇచ్చావని అడిగాను. సాయంత్రం ఐదున్నరకి, ఆఫీసు నుంచి వస్తూ ఇచ్చాడట. ఏమైనా తిన్నావా అంటే, మధ్యాహ్నం భోజనం చేశాను, నాలుగింటికి టీ, బిస్కెట్లు అన్నాడు. ఈమధ్య ఒంట్లో ఎలా ఉందంటే, పది రోజుల కిందటే గట్టి జ్వరం వచ్చి తగ్గిందన్నాడు. ఇంట్లో ఏడాది నిండని పాప ఉంది, రాత్రికి నాలుగైదు గంటలు నిద్రపడితే అదే ఎక్కువ. చివరగా, రెండో బిడ్డ కావాలనుకుంటున్నారా అని అడిగాను. "అవునన్నా, ఒకటి రెండేళ్లలో."

ఈ జవాబుల్లో ప్రతి ఒక్కటీ ఆ 268కి అర్థం మార్చేస్తుంది. ఆఖరిదైతే ఇంజెక్షన్ ఆలోచననే తలకిందులు చేస్తుంది. కానీ ఆ ప్రశ్నలు అప్పటిదాకా అతన్ని ఎవరూ అడగలేదు. అలసటగా ఉందన్నాడు, పరీక్ష చేశారు, అంకె తక్కువొచ్చింది, సూది చేతికి రాబోతోంది. నన్ను కలవరపెట్టింది ఈ తొందర. మగవాళ్లలో టెస్టోస్టెరాన్ తగ్గితే, చాలాసార్లు అది ఒంట్లో ఇంకెక్కడో జరుగుతున్న తేడాకి కబురు. ఆ కబురు ఎక్కడినుంచి వచ్చిందో కనుక్కోకుండా అంకెని మాత్రం పైకి లాగితే, అసలు సమస్య అక్కడే ఉండిపోతుంది.

ట్యాంకు, బంతి వాల్వు

ఈ హార్మోన్ ఎలా తయారవుతుందో ఒక్కసారి అర్థమైతే మిగతా చిక్కులన్నీ సగం విడిపోతాయి.

మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంటుంది. సుమారు గంటన్నర, రెండు గంటలకోసారి అది ఒక సంకేతం పంపుతుంది. ఆ సంకేతం అందుకుని దాని కిందే వేలాడే పిట్యూటరీ గ్రంథి రెండు హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. ఒకటి ఎల్‌హెచ్, రెండోది ఎఫ్‌ఎస్‌హెచ్. ఎల్‌హెచ్ వృషణాల్లోని లేడిగ్ కణాలను తట్టి టెస్టోస్టెరాన్ తయారుచేయిస్తుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ వీర్యకణాల తయారీని చూసుకుంటుంది. రక్తంలో టెస్టోస్టెరాన్ సరిపడా ఉందని మెదడు గమనించగానే పైనుంచి వచ్చే సంకేతం నెమ్మదిస్తుంది.

ఇంటి మీద నీళ్ల ట్యాంకులో బంతి వాల్వు చేసే పనే ఇది. నీళ్లు నిండితే బంతి పైకి తేలి ధార ఆగిపోతుంది, తగ్గితే బంతి దిగి ధార మొదలవుతుంది. ఇప్పుడు ఆ ట్యాంకులోకి ఎవరో పైనుంచి బిందెలతో నీళ్లు పోస్తున్నారనుకోండి. బంతి తేలిపోయి, పైపు నుంచి రావాల్సిన ధార పూర్తిగా ఆగిపోతుంది. బయటినుంచి టెస్టోస్టెరాన్ తీసుకుంటే ఒంట్లో జరిగేది అచ్చంగా ఇదే. ఈ బిందెల సంగతికి మళ్లీ వస్తాను, ఎందుకంటే పిల్లలు కావాలనుకునే మగవాళ్లకి ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన విషయం అదే.

ఆరోగ్యంగా ఉన్న మగవాడి ఒంట్లో రోజుకి తయారయ్యే టెస్టోస్టెరాన్ 5 నుంచి 7 మిల్లీగ్రాములు మాత్రమే. ఇది ఎంత చిన్న మొత్తమో తెలియాలంటే 1935కి వెళ్లాలి. ఆ ఏడాది ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నస్ట్ లాకర్ బృందం సుమారు 100 కిలోల ఎద్దు వృషణాల నుంచి 10 మిల్లీగ్రాముల హార్మోన్‌ని విడదీసి, దానికి టెస్టోస్టెరాన్ అని పేరు పెట్టింది. అంటే ఒక మనిషికి ఒకటిన్నర రోజుకి సరిపోయేంత. అదే ఏడాది అడాల్ఫ్ బుటెనాంట్, లియోపోల్డ్ రుజీచ్కా వేరువేరుగా దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. 1939లో రసాయనశాస్త్ర నోబెల్ వాళ్లిద్దరికీ వచ్చింది.

రక్తంలోకి చేరిన టెస్టోస్టెరాన్ అంతా వెంటనే పనికి దిగదు. దాదాపు సగం ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌కి గట్టిగా అతుక్కుని ఉంటుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం అల్బుమిన్‌ని వదులుగా పట్టుకుని ఉంటుంది. ఏ ప్రొటీన్‌కీ చిక్కకుండా స్వేచ్ఛగా తిరిగేది 2, 3 శాతమే. దాన్నే ఫ్రీ టెస్టోస్టెరాన్ అంటారు. కణాల్లోకి వెళ్లాక కూడా అది అలాగే ఉండిపోదు. చర్మంలో, ప్రోస్టేట్‌లో, జుట్టు కుదుళ్లలో కొంత డీహెచ్‌టీ అనే మరింత బలమైన రూపంలోకి మారుతుంది. కొవ్వులో, ఎముకల్లో, మెదడులో కొంత ఈస్ట్రడయోల్‌గా, అంటే మనం ఆడవాళ్ల హార్మోన్ అనుకునే దానిగా మారుతుంది. మగవాళ్ల ఎముకలు గట్టిగా ఉండటానికి ఆ ఈస్ట్రడయోల్ తప్పనిసరి. "ఈస్ట్రోజెన్‌ని అణిచేస్తే మగతనం పెరుగుతుంది" అని జిమ్‌లలో వినపడే సలహా ఎందుకు ప్రమాదకరమో దీన్నిబట్టి తెలుస్తుంది. బట్టతల ఉన్నవాళ్లకి టెస్టోస్టెరాన్ ఎక్కువ ఉంటుందన్న మాట కూడా నిజం కాదు. వాళ్ల కుదుళ్లు డీహెచ్‌టీకి ఎక్కువగా స్పందిస్తాయి, అంతే.

ఆ అంకెని ఎలా చదవాలి

మళ్లీ తమ్ముడి రిపోర్టు దగ్గరికి వద్దాం. 268 నానోగ్రాములు, ఒక డెసిలీటరు రక్తానికి.

2017లో అమెరికా, యూరప్‌లలో జరిగిన నాలుగు పెద్ద అధ్యయనాల లెక్కలు ఒకచోట చేర్చి, స్థూలకాయం లేని 19 నుంచి 39 ఏళ్ల ఆరోగ్యవంతుల్లో మామూలు స్థాయి 264 నుంచి 916 దాకా అని తేల్చారు. అమెరికన్ యూరాలజికల్ అసోసియేషన్ 2018 మార్గదర్శకాల్లో 300 కంటే తగ్గితే తక్కువ అన్నారు. కొన్ని ల్యాబులు అంకెని నానోమోల్స్‌లో ఇస్తాయి. అప్పుడు 300 అంటే దాదాపు 10.4. చూస్తే తెలుస్తుంది, 268 ఒక లెక్కలో మామూలు, ఇంకో లెక్కలో తక్కువ. గీత ఎక్కడ గీశారన్నదాన్ని బట్టి ఒకే మనిషి ఆరోగ్యవంతుడూ అవుతాడు, రోగీ అవుతాడు. అందుకే ఏ నిపుణుల సంఘమైనా ఒకటే చెబుతుంది: అంకె ఒక్కటే సరిపోదు, లక్షణాలూ ఉండాలి, పరీక్ష కనీసం రెండుసార్లు, వేర్వేరు రోజుల్లో, పొద్దున్నే చేయాలి.

పొద్దున్నే ఎందుకంటే, టెస్టోస్టెరాన్ నిద్రలో పెరుగుతూ పోయి తెల్లవారాక అత్యధికంగా ఉంటుంది. 30, 40 ఏళ్ల మధ్యవాళ్లలో పొద్దున 8కి ఉన్నదానితో పోలిస్తే సాయంత్రం 4కి 20 నుంచి 25 శాతం తక్కువ ఉంటుంది. తమ్ముడు రక్తమిచ్చింది ఐదున్నరకి. ఈ ఒక్క కారణంతోనే అతని ఉదయం అంకె 330 దాటి ఉండొచ్చు. రక్తం పరగడుపున ఇవ్వడం కూడా మంచిది, ఎందుకంటే తిండి కూడా దాన్ని తగ్గిస్తుంది. గ్లూకోజ్ నీళ్లు తాగించి చూసిన ఒక పరిశోధనలో టెస్టోస్టెరాన్ సగటున 25 శాతం పడిపోయింది. జ్వరం, ఆపరేషన్, ఏదైనా పెద్ద జబ్బు చేసినప్పుడు శరీరం తనంతట తానే ఈ హార్మోన్‌ని తగ్గించుకుంటుంది. కోలుకునేదాకా పరీక్ష చేయించుకోకూడదు. మొదటిసారి తక్కువ వచ్చినవాళ్లలో సుమారు 30 శాతం మందికి రెండోసారి మామూలుగానే వస్తుంది.

ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్లు ఎక్కువ. ల్యాబుల్లో వాడే కొన్ని రకాల పరీక్షల్లో ఈ బయోటిన్ అడ్డం పడుతుంది. టెస్టోస్టెరాన్ ఉన్నదానికంటే ఎక్కువగా, ఎల్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. రక్తమిచ్చే ముందు వేసుకుంటున్న మాత్రలన్నీ చెప్పాలి, విటమిన్లే కదా అని వదిలేయకూడదు.

ఎస్‌హెచ్‌బీజీ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఒళ్లు వచ్చినవాళ్లలో, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనివాళ్లలో, థైరాయిడ్ తక్కువున్నవాళ్లలో ఈ ప్రొటీన్ తగ్గుతుంది. అది తగ్గితే టోటల్ టెస్టోస్టెరాన్ తక్కువగా కనిపిస్తుంది, కానీ పనికొచ్చే ఫ్రీ టెస్టోస్టెరాన్ మామూలుగానే ఉండొచ్చు. దీనికి తిరగబడ్డ పరిస్థితీ ఉంది. వయసు మీదపడ్డప్పుడు, థైరాయిడ్ ఎక్కువైనప్పుడు, కాలేయ జబ్బుల్లో ఈ ప్రొటీన్ పెరుగుతుంది. అప్పుడు టోటల్ బాగానే ఉన్నట్టు కనిపించి, ఫ్రీ తక్కువ ఉంటుంది. అంకె గీతకి దగ్గర్లో ఉన్నప్పుడు డాక్టర్లు ఎస్‌హెచ్‌బీజీ కూడా చూసి లెక్కగట్టేది ఇందుకే.

అలసట అంటే టెస్టోస్టెరానేనా?

ప్రకటనల్లో ఒక పట్టిక ఉంటుంది: అలసటగా ఉందా, చిరాకు వస్తోందా, ఏకాగ్రత కుదరడం లేదా, పొట్ట వస్తోందా, అయితే మీకు టెస్టోస్టెరాన్ తక్కువ. 40 దాటిన ఏ మగవాణ్ణి అడిగినా వీటిలో రెండు మూడింటికి అవుననే అంటాడు. నిద్రలేమికీ, డిప్రెషన్‌కీ, రక్తహీనతకీ, షుగర్‌కీ, థైరాయిడ్‌కీ ఇవే లక్షణాలు.

ఏ లక్షణం నిజంగా ఈ హార్మోన్‌తో ముడిపడి ఉందో తేల్చడానికి యూరప్‌లో ఎనిమిది కేంద్రాల్లో 40 నుంచి 79 ఏళ్ల మగవాళ్లని మూడు వేలమందికి పైగా పరిశీలించారు. ఫలితాలు 2010లో వచ్చాయి. ఎన్నో లక్షణాలు జల్లెడ పడితే గట్టిగా నిలిచినవి మూడే: తెల్లవారుజామున సహజంగా వచ్చే అంగస్తంభనలు తగ్గిపోవడం, కోరిక తగ్గడం, సంభోగంలో స్తంభన నిలవకపోవడం. ఈ మూడూ ఉండి, రక్తంలో కూడా హార్మోన్ తక్కువున్నవాళ్లు మొత్తం మీద 2.1 శాతమే. వయసుతో వచ్చే లోపం గురించి బయట వినిపించే హడావుడికీ ఈ అంకెకీ పొంతనే లేదు.

ఇక్కడ ఒక్క మాట నొక్కి చెప్పాలి. స్తంభన సమస్య ఒక్కటే ఉండి, కోరిక మామూలుగా ఉంటే, ఎక్కువసార్లు కారణం హార్మోన్ కాదు, రక్తనాళాలు. అంగంలోని ధమనులు గుండె ధమనులకంటే సన్నవి. పూడిక మొదలైతే దాని ప్రభావం ముందు అక్కడే కనబడుతుంది. గుండె జబ్బు బయటపడటానికి కొన్నేళ్ల ముందే ఇది హెచ్చరిక ఇవ్వొచ్చు. సిగ్గుపడి దాచుకున్నా, డాక్టరుకి చూపించకుండా హార్మోన్ సూదితో సరిపెట్టుకున్నా ఆ హెచ్చరిక వృథా అవుతుంది. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోవాల్సిన సమయం అది.

వయసు, నడుము, నిద్ర

30, 40 ఏళ్లు దాటాక టెస్టోస్టెరాన్ ఏడాదికి సుమారు 1 శాతం చొప్పున తగ్గుతుందని అంటారు. ఆడవాళ్లకి ముట్లుడిగినట్టు మగవాళ్లకి ఒక్కసారిగా ఆగిపోదు, జారుడు నెమ్మదిగా ఉంటుంది. కానీ ఈ జారుడులో వయసు వాటా ఎంత, వయసుతోపాటు వచ్చే మిగతావాటి వాటా ఎంత అని విడదీసి చూస్తే బరువు పెద్ద దోషిగా తేలుతుంది. ఆరోగ్యంగా, సన్నగా ఉన్న పెద్దవాళ్లలో ఈ తగ్గుదల చాలా స్వల్పం.

పొట్ట చుట్టూ కొవ్వు పెరిగితే మూడు వైపుల నుంచి దెబ్బ పడుతుంది. ఎస్‌హెచ్‌బీజీ తగ్గుతుంది. కొవ్వు కణాల్లోని అరోమటేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టెరాన్‌ని ఈస్ట్రడయోల్‌గా మార్చేస్తుంది. కొవ్వు నుంచి పుట్టే వాపు సంకేతాలు, ఇన్సులిన్ గందరగోళం మెదడు నుంచి వచ్చే ధారనే సన్నబరుస్తాయి. అటు టెస్టోస్టెరాన్ తగ్గితే కండ కరిగి కొవ్వు చేరడం ఇంకా సులువవుతుంది. విషవలయం. దీన్ని తెంచే వీలు ఉందన్నది మంచి వార్త. బరువులో పదో వంతు తగ్గించుకున్నవాళ్లలో హార్మోన్ కనబడేంతగా పెరుగుతుంది. బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో ఇంకా ఎక్కువ పెరుగుతుంది.

నిద్ర గురించి 2011లో షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన చిన్న ప్రయోగం నన్ను ఆలోచనలో పడేసింది. ఆరోగ్యంగా ఉన్న పదిమంది కుర్రాళ్లని వారం రోజులపాటు రాత్రికి ఐదు గంటలే పడుకోనిచ్చారు. పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది. పదిమందితో చేసింది కాబట్టి దాన్నే చివరి మాట అనుకోను. కానీ వయసు లెక్కన అంత తగ్గడానికి పది, పదిహేనేళ్లు పడుతుంది.

పసిబిడ్డల తండ్రుల సంగతి వేరే. ఫిలిప్పీన్స్‌లోని సెబులో 624 మంది యువకుల్ని నాలుగున్నరేళ్లు గమనించిన అధ్యయనం 2011లోనే వచ్చింది. ఆ మధ్యలో తండ్రులైనవాళ్లలో ఉదయం టెస్టోస్టెరాన్ 26 శాతం, సాయంత్రానిది 34 శాతం తగ్గింది. బిడ్డల్ని రోజుకి మూడు గంటలకు పైగా చూసుకునేవాళ్లలో అది మరీ తక్కువ. ఇది జబ్బు కాదు. బిడ్డని సాకే పనికి శరీరం తన్ను తాను సర్దుకుంటోంది. మా తమ్ముడికి ఇది చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అంటే నేను పాడైపోలేదన్నమాట" అన్నాడు. ఆ మాటకి నా కళ్లు చెమ్మగిల్లాయి. ఒక కాగితం మీద ఒక అంకె చూసి, తాను మగాడిగా తగ్గిపోయానని ఆ రాత్రంతా కుమిలిపోయాడు ఆ పిల్లాడు.

మందులు కూడా కారణం కావొచ్చు. నల్లమందు జాతికి చెందిన నొప్పి మందులు నెలల తరబడి వాడితే మెదడు నుంచి వచ్చే సంకేతం బాగా పడిపోతుంది. స్టెరాయిడ్ మాత్రలతోనూ అంతే. మద్యం ఎక్కువైతే నేరుగా వృషణాలకే దెబ్బ.

నిజంగా అవసరమైనవాళ్లు

ఇంతవరకు చదివి, ఈ వైద్యమే వద్దని నేనంటున్నానని అనుకోకండి. నిజమైన లోపం ఉన్నవాళ్లకి ఇది జీవితాన్ని నిలబెట్టే మందు.

500 నుంచి 1000 మంది మగపిల్లల్లో ఒకరు అదనంగా ఒక ఎక్స్ క్రోమోజోమ్‌తో పుడతారు. దాన్ని క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ అంటారు. వృషణాలు చిన్నగా ఉంటాయి, హార్మోన్ చాలదు. పిల్లలు పుట్టడం లేదని పరీక్షలకు వెళ్లేదాకా ఈ సంగతి చాలామందికి తెలియనే తెలియదు, కొందరికి జీవితమంతా తెలియదు. యుక్తవయసు వచ్చాక గవదబిళ్లలు సోకి వృషణాలు వాచి దెబ్బతిన్నవాళ్లు, కేన్సర్ మందులు, రేడియేషన్ తీసుకున్నవాళ్లు ఉంటారు. కాల్‌మన్ సిండ్రోమ్ ఉన్న అబ్బాయిలకి వాసన తెలియదు, వయసొచ్చినా గొంతు మారదు, మీసం రాదు. వాళ్ల మెదడు నుంచి ఆ మొదటి సంకేతమే వెలువడదు. పిట్యూటరీలో గడ్డలు ఇంకో కారణం.

ధార ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి ఎల్‌హెచ్ పరీక్ష ఉంది. టెస్టోస్టెరాన్ తక్కువ, ఎల్‌హెచ్ ఎక్కువ అంటే మెదడు గట్టిగా అరుస్తోంది, వృషణాలు పలకడం లేదు. రెండూ తక్కువ అంటే పైనుంచే పిలుపు రావడం లేదు, కాబట్టి ప్రొలాక్టిన్ (పిట్యూటరీ వదిలే మరో హార్మోన్), ఐరన్, అవసరమైతే పిట్యూటరీ స్కానింగ్ చూడాలి. ఎల్‌హెచ్ చూడకుండా సూది మొదలుపెడితే ఈ ఆచూకీ దొరకదు. సూది పడ్డాక ఎల్‌హెచ్ ఎలాగూ పడిపోతుంది కాబట్టి వెనక్కి వెళ్లి వెతకడమూ కష్టం.

వయసుతోనో, బరువుతోనో కాస్త తగ్గినవాళ్లకి ఇస్తే ఏమవుతుంది? అమెరికాలో 65 దాటిన 790 మందితో ఏడాదిపాటు ఒక పెద్ద పరీక్ష చేసి, 2016, 2017లలో ఫలితాలు ఇచ్చారు. కోరిక, లైంగిక చురుకుదనం ఒక మోస్తరుగా పెరిగాయి. ఎముకల సాంద్రత పెరిగింది, రక్తహీనత తగ్గింది. ఎక్కువమంది ఆశపడే ఉత్సాహం, శక్తి విషయంలో చెప్పుకోదగ్గ మేలు లేదు. జ్ఞాపకశక్తి పెరగలేదు.

గుండెకి ప్రమాదమా అన్న ప్రశ్న చాలా ఏళ్లు నలిగింది. 2023లో ట్రావర్స్ అనే అధ్యయనం దానికి చాలావరకు జవాబిచ్చింది. గుండె జబ్బు ఉన్నవాళ్లు, వచ్చే అవకాశం ఎక్కువున్నవాళ్లు ఐదు వేలమందికి పైగా ఇందులో ఉన్నారు. గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధమైన మరణం కలిపి చూస్తే, మందు తీసుకున్నవాళ్లలో 7 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 7.3 శాతం. అంటే తేడా లేదు. కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం, కిడ్నీలకి హఠాత్తుగా దెబ్బ మందు తీసుకున్నవాళ్లలో కాస్త ఎక్కువ. ఎముకల సాంద్రత పెంచే మందే అయినా, ఎముకలు విరగడం వాళ్లలోనే ఎక్కువ కనిపించింది. ఇది ఎవరూ ఊహించలేదు.

ప్రోస్టేట్ భయానికి మూలం 1941లో ఉంది. వృషణాలు తీసేస్తే ముదిరిన ప్రోస్టేట్ కేన్సర్ వెనక్కి తగ్గుతుందని ఆ ఏడాది షికాగోలో చార్లెస్ హగ్గిన్స్ చూపించారు. 1966లో ఆయనకి నోబెల్ వచ్చింది. దాన్నుంచి, టెస్టోస్టెరాన్ ఇస్తే కేన్సర్ పుడుతుందన్న నమ్మకం స్థిరపడింది. ముందే జాగ్రత్తగా పరీక్షించి తీసుకున్న ట్రావర్స్ రోగుల్లో మాత్రం ప్రమాదకరమైన ప్రోస్టేట్ కేన్సర్లలో తేడా కనబడలేదు. అయినా పీఎస్ఏ అనే ప్రోస్టేట్ రక్తపరీక్ష చూస్తూ ఉండాల్సిందే. ప్రోస్టేట్ కేన్సర్ ఉన్నవాళ్లకి ఈ మందు మామూలుగా ఇవ్వరు. రక్తం చిక్కబడటం ఇంకో ముఖ్యమైన ఇబ్బంది. ఆస్ట్రేలియాలో పొట్ట ఉన్న వెయ్యిమందితో రెండేళ్లు చేసిన అధ్యయనంలో మందు తీసుకున్నవాళ్లలో 22 శాతం మందికి హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, 54 శాతానికి చేరింది లేదా దాటింది. ఆ గీత దాటితే డోసు తగ్గించాలి, లేదా మందు ఆపాలి. అదే అధ్యయనంలో షుగర్ వచ్చేవాళ్ల సంఖ్య 21 శాతం నుంచి 12 శాతానికి తగ్గిన మాటా నిజమే. కానీ అక్కడ రెండు వర్గాలకీ బరువు తగ్గే కార్యక్రమం తప్పనిసరిగా నడిచింది.

జెల్ వాడేవాళ్లు ఒక జాగ్రత్త మరిచిపోకూడదు. భుజానికి రాసుకున్న జెల్ ఆరకముందే పసిబిడ్డని ఎత్తుకుంటే, ఆ మందు బిడ్డ చర్మంలోకి దిగుతుంది. చిన్నపిల్లల్లో నెలల వయసులోనే యుక్తవయసు గుర్తులు కనిపించిన సంఘటనలు ఉన్నాయి. రాసుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఆ చోటు చొక్కాతో కప్పి ఉంచాలి.

బిందెల సంగతి

ఇప్పుడు ట్యాంకు దగ్గరికి. వృషణాల లోపల టెస్టోస్టెరాన్ గాఢత రక్తంలో కంటే ఎన్నో రెట్లు, 50 రెట్లకు పైనే ఉంటుంది. వీర్యకణాలు తయారవడానికి అంత గాఢత కావాలి. బయటినుంచి సూది పడితే రక్తంలో అంకె బాగుంటుంది, కానీ బంతి వాల్వు మూసుకుంటుంది. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ అడుగంటుతాయి. వృషణాలు పని మానేస్తాయి, క్రమంగా చిన్నవవుతాయి. రిపోర్టులో "మగతనం" పెరిగినట్టు కనిపిస్తున్న రోజుల్లోనే వీర్యకణాల సంఖ్య సున్నాకి దిగుతుంటుంది.

ఇది ఎంత నమ్మకంగా జరుగుతుందంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మగవాళ్లకి గర్భనిరోధకంగా పరీక్షించింది. 1990లో వచ్చిన ఆ ఫలితాల్లో, వారానికి 200 మిల్లీగ్రాముల సూది వేయించుకున్న 271 మందిలో 157 మందికి ఆరు నెలల్లోపు వీర్యంలో ఒక్క కణం కూడా మిగల్లేదు. అదృష్టం ఏమిటంటే, ఆపేస్తే మామూలుగా తిరిగి వస్తాయి. ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే సగం మంది మూడున్నర నెలల్లో, 90 శాతం మంది ఏడాదిలో కోలుకున్నారు. కొందరికి రెండేళ్లు పట్టింది. జిమ్‌లో ఎవరో ఇచ్చిన పెద్ద డోసులు ఏళ్ల తరబడి వాడినవాళ్ల సంగతి అంత తేలిగ్గా ఉండదు. ఆపిన తర్వాత నెలలపాటు సొంత హార్మోన్ లేక నీరసం, దిగులు, కోరిక లేకపోవడం, అది భరించలేక మళ్లీ మొదలుపెట్టడం చాలామందిలో జరుగుతుంది.

పిల్లలు కావాలనుకుంటున్నవాళ్లకి టెస్టోస్టెరాన్ ఇవ్వొద్దని మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. వాళ్లలో నిజంగా లోపం ఉంటే, వృషణాలతోనే పని చేయించే వేరే మందులున్నాయి: హెచ్‌సీజీ, క్లోమిఫీన్ లాంటివి. అవి నిపుణుల చేతిలో ఉండాలి. పిల్లలు కావాలా అన్న ప్రశ్న అడగకుండా ఒక యువకుడి చేతికి సూది రాసివ్వడం నా దృష్టిలో క్షమించరాని నిర్లక్ష్యం.

"బూస్టర్" అని అమ్మే పొడులూ మాత్రల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. జింక్, విటమిన్ డి లోపం ఉన్నవాళ్లకి ఆ లోపం తీరిస్తే ఉపయోగం. లోపం లేనివాళ్లకి అదనంగా మింగితే టెస్టోస్టెరాన్ పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. మరి వాడినవాళ్లు హుషారొచ్చిందంటారే అని అడుగుతారు. 1889లో చార్లెస్ బ్రౌన్-సెకార్ అనే పేరున్న శాస్త్రవేత్త 72 ఏళ్ల వయసులో కుక్కల, గినీపందుల వృషణాల రసం తనకి తానే ఎక్కించుకుని, బలం తిరిగొచ్చిందని పారిస్‌లో ప్రకటించాడు. అది నీళ్లతో తీసిన రసం. టెస్టోస్టెరాన్ నీళ్లలో దాదాపు కరగదు. ఆయన ఒంట్లోకి వెళ్లిన హార్మోన్ లెక్కలోకి రానంత. ఆయనకి వచ్చిన బలం మాత్రం ఆయనకి నిజంగానే అనిపించింది.

తమ్ముడు ఇంజెక్షన్ ఆలోచన పక్కనపెట్టి, ఎండోక్రైనాలజిస్ట్‌ని, అంటే హార్మోన్ల డాక్టర్ని కలిశాడు. ఆయన ఆరు వారాలు ఆగమన్నారు. ఈలోపు వాళ్ల అమ్మ వచ్చి పాపని రాత్రిళ్లు చూసుకుంది కాబట్టి ఇతనికి ఆరున్నర గంటల నిద్ర దొరికింది. పొద్దున ఎనిమిదింటికి, పరగడుపున, వారం తేడాతో రెండుసార్లు రక్తమిచ్చాడు. 391, 408. ఎల్‌హెచ్ మామూలు. అదే రక్తంతో డాక్టరు మూడు నెలల సగటు షుగర్ కూడా చూశారు. అది 6.1 వచ్చింది, షుగర్ జబ్బుకి అడుగు దూరం. అలసటకి కారణం వెతుకుతూ వెళ్లినవాడికి దొరికిన అసలు అంకె అదే. ఇప్పుడు సాయంత్రాలు పాపని భుజాన వేసుకుని నలభై నిమిషాలు నడుస్తున్నాడు. మూడు నెలల తర్వాత మళ్లీ షుగర్ చూడాలి. టెస్టోస్టెరాన్ పరీక్ష మళ్లీ అక్కర్లేదన్నారు.